హిట్టా, ఎర్రరా? ఒక షార్ట్‌స్టాప్ లెక్క

2006 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా లోపలి లోయలో ఉన్న ఒక చిన్న ఊరి బేస్‌బాల్ మైదానానికి నన్ను అఫీషియల్ స్కోరర్‌గా వేశారు. ఊరి పేరూ జట్టు పేరూ చెప్పను, చెప్పినా మన పాఠకుల్లో చాలామందికి తెలియవు. అమెరికాలో పెద్ద లీగ్ కింద మెట్లు మెట్లుగా చిన్న లీగ్‌లు ఉంటాయి. మాది మధ్య మెట్టు. అక్కడ ఆడేవాళ్లందరూ ఇరవై దాటీ దాటని కుర్రాళ్లు. అందరి కళ్లూ పై మెట్టు మీదే.

స్కోరర్‌ని క్లబ్బు నియమించదు, లీగ్ నియమిస్తుంది. మైదానంలో అంపైర్ ఎంతో, లెక్కల్లో స్కోరర్ అంత. ఔటా కాదా అన్నది అంపైర్ చెబుతాడు. బ్యాటర్ బంతి కొట్టి, బేస్ అనే గుర్తు దగ్గరికి పరుగెత్తి చేరుకున్నప్పుడు అది అతని గొప్పా, ఫీల్డర్ తప్పా అన్నది స్కోరర్ చెప్పాలి. మొదటిదైతే హిట్, రెండోదైతే ఎర్రర్. మన క్రికెట్‌లో నేరుగా చేతిలో పడ్డ క్యాచ్ వదిలేసినా స్కోరుబోర్డుకి పట్టదు. చూసేవాళ్లు నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. ఇక్కడ అలా కాదు. ఫీల్డర్ తప్పుని పేరు పెట్టి మరీ రాస్తారు, పరుగుల పక్కనే బోర్డు మీద చూపిస్తారు. అతను ఆట మానేశాక కూడా ఆ లెక్క అలాగే ఉంటుంది.

నాకీ పని ఎలా వచ్చిందని చాలామంది అడుగుతారు. నేను శాంటా క్లారాలో చిప్‌లు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇంజినీర్‌ని. ఏ చిప్ పాసు, ఏది ఫెయిల్ అని తేల్చే ఉద్యోగం. 2001లో లేఆఫ్ చేశారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేటట్టుంది, టికెట్టు చవక అని బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. ఖాళీగా చూడటం చేతకాక ప్రతి బంతీ రాసుకునేదాన్ని. పాత స్కోరర్ ఒకాయన అది గమనించి, రూల్స్ పుస్తకం చేతిలో పెట్టి, తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. ఆ జీతంతో ఇల్లు గడుస్తుందా అంటే గడవదు. మా ఆయన జీతంతో గడిచింది. "నీది ఉద్యోగం కాదు, ధర్మకర్తృత్వం" అని ఆయన వెక్కిరించేవారు.

ఆ సీజన్‌లో ఆ ఊరి జట్టు షార్ట్‌స్టాప్ పేరు విశాల్. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. లోపలి ఫీల్డర్లలో అందరికన్నా ఎక్కువ పని అతనికే. విశాల్ పుట్టింది ఫ్రీమాంట్‌లో, మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మొదటి రోజు ప్రాక్టీస్‌కి వెళ్లినప్పుడు దూరం నుంచే నన్ను చూసి, జట్టు జట్టంతా వింటుండగా "హాయ్ ఆంటీ! మీరు తెలుగు కదా?" అని కేకేశాడు. ఓరి నాయనా, అంతే! ఆ రోజు నుంచి జట్టులో పిచ్చర్లూ క్యాచర్లూ అందరికీ నేను ఆంటీనే. నెత్తి నెరిసిన మేనేజర్ కూడా "గుడ్ ఆఫ్టర్‌నూన్, ఆంటీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. స్కోరర్‌కి వరసలు ఉండకూడదు.

లోపలి ఫీల్డర్ లెక్కలో ముఖ్యమైనవి మూడు. బంతి పట్టి తానే ఔట్ చేస్తే పుటౌట్. పట్టి విసిరితే ఇంకొకడు ఔట్ చేస్తే, విసిరినవాడికి అసిస్ట్. చేయాల్సిన పని చేయలేకపోతే ఎర్రర్. ఈ మూడింటినీ కలిపి శాతం కడతారు. చూడటానికి సుబ్బరంగా ఉండే లెక్క, కానీ అందులో ఒక తిరకాసు ఉంది. బంతి దగ్గరికి చేరనివాడికి ఎర్రర్ రాదు. నిలబడ్డచోటే నిలబడేవాడి శాతం బాగుంటుంది, పరుగెత్తి అందుకోబోయేవాడిది పాడవుతుంది. అందుకే రూల్ ఒక కొలత పెట్టింది. ఆ మెట్టులో ఆడే మామూలు ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో చేయగలిగిన పనా కాదా? చేయగలిగినదైతేనే ఎర్రర్. విశాల్ అసిస్ట్‌లలో జట్టులో మొదటివాడు. ఎర్రర్‌లలోనూ వాడే మొదటివాడు.

వాడి పట్టుదల చూసి తీరాలి. అందరికన్నా ముందొచ్చి, ఎండకి పెంకులా గట్టిపడ్డ మట్టి మీద ఒక కోచ్ చేత నేలబంతులు కొట్టించుకునేవాడు. మోకాళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక పుండు. "డాక్టర్‌కి చూపించుకోరా" అంటే "ఇది నార్మల్ ఆంటీ, ఇది రెంట్ లాగ, మంత్‌లీ కట్టాలి" అనేవాడు.

జూన్ వచ్చేసరికి వ్యవహారం ముదిరింది. జూన్‌లో పెద్ద క్లబ్బులు కొత్త కుర్రాళ్లని ఎంచుకుంటాయి. వాళ్లకి చోటు కావాలంటే ఉన్నవాళ్లలో కొందరు పోవాలి. ఎవరు పోవాలో తేల్చేది ఫార్మ్ డైరెక్టర్, అంటే పెద్ద క్లబ్బు తరఫున చిన్న జట్లన్నిటి మీదా పెత్తనం చేసే అధికారి. డేల్ అని, మాటలు తక్కువ మనిషి. ఆ నెలాఖరు వారంలో మా మైదానానికి వస్తున్నాడని తెలిసింది. విశాల్‌ని ఉంచడమా, ఇంటికి పంపడమా అన్నది ఆ వారంలో తేలిపోతుందని మేనేజర్ నాతోనే అన్నాడు. ఈ ఆటలో ఇంటికి పంపితే మళ్లీ పిలిచేవాళ్లు దాదాపు ఉండరు.

ఆ వారం మొదలయ్యేముందు ఆదివారం మధ్యాహ్నం ఆట. ఇద్దరు ఔటయ్యారు, రెండు బేస్‌ల మీద మనుషులున్నారు. బ్యాటర్ కొట్టిన నేలబంతి నేరుగా షార్ట్‌స్టాప్ వైపు వెళ్లింది. విశాల్ వంగాడు. గడ్డి అయిపోయి మట్టి మొదలయ్యే అంచు దగ్గర బంతి ఎగిరినట్టు కనిపించింది, గ్లవ్‌కి తగిలి పక్కకి దొర్లిపోయింది. ఇద్దరూ పరుగులు తీసేశారు. ఆ అంచు మా మైదానంలో అపకీర్తి పొందిన చోటు. అక్కడ బంతి దారి తప్పితే ఫీల్డర్‌ది తప్పు కాదని రూల్ స్పష్టంగా చెబుతుంది. నేను మైకులో "హిట్" అన్నాను.

ఆ మాటతో ఇద్దరి లెక్కలు మారాయి. విశాల్‌కి ఎర్రర్ తప్పింది. హిట్ వల్ల వచ్చిన పరుగులు కాబట్టి ఆ రెండూ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడి ఖాతాలో పడ్డాయి. ఎర్రర్ అయితే పడేవి కావు. ఆ పిచ్చర్ టోబీ కూడా పై మెట్టుకి వెళ్లాలని ఎదురుచూస్తున్న కుర్రాడే.

సోమవారం పొద్దున్నే మా ఇంటి తలుపు కొట్టారు. చూస్తే విశాల్ నాన్న ప్రభాకర్ గారు, చేతిలో స్టీలు డబ్బా. ఆయన నెట్‌వర్క్ ఇంజినీర్. మొదట్లో కొడుకు ఆటలోకి వెళ్తానంటే ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచారట. ఇప్పుడు కొడుకు ఫీల్డింగ్ శాతంలో దశాంశం తరువాత మూడో అంకె కదిలినా ఆయనకి నిద్ర పట్టదు.

"మా ఆవిడ సున్నుండలు చేసిందండీ. నిన్నటి దానికి మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు" అన్నారు.

"నిన్నటి దానికా? నిన్న నేనేం చేశాను?" అన్నాను.

"అదేనండీ, మనవాడికి ఎర్రర్ రాకుండా హిట్ ఇచ్చారు కదా. అందరూ చెప్పుకుంటున్నార్లెండి, హోమ్ గేమ్స్‌లో మీరు వాణ్ణి కొంచెం చూసుకుంటున్నారని. టీమ్‌లో పిల్లలు కూడా అంటున్నారట. ఈ వారం డైరెక్టర్ వస్తున్నాడు. ఈ వారం కూడా అలాగే కొంచెం... అడగనిదే అమ్మైనా పెట్టదు కదండీ."

"ఏమండీ ప్రభాకర్ గారూ, హిట్టు ఇవ్వడానికి అది మా తాతగారి మాన్యమా? బంతి దారి తప్పిందని హిట్ అన్నాను. మీ అబ్బాయి స్థానంలో ఎవడున్నా అదే అనేదాన్ని" అన్నాను.

"అయ్యో, అంతేనండీ, అంతే. అఫీషియల్‌గా అంతే" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు చెంపదెబ్బలా తగిలింది. సున్నుండలంటే నాకు ప్రాణం. అయినా డబ్బా మూత కూడా తియ్యకుండా చేతికిచ్చేసి, ఇకముందు సీజన్ అయ్యేదాకా మా గుమ్మం తొక్కవద్దని చెప్పాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లారు.

తలుపు వేసుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్తే ఇద్దరు తెలుగువాళ్లు కలిసిన రెండో నిమిషంలో "మీ కంపెనీలో మావాడికి రిఫరల్ ఇస్తారా" అని అడగడం మనకి అలవాటే. ఆయనకి స్కోరర్ కుర్చీ కూడా అలాంటిదే అనిపించింది. కానీ జట్టు నమ్ముతున్నదదే అయితే, నేను విశాల్‌కి రాసిన ప్రతి హిట్టూ, ప్రతి అసిస్టూ చిత్తుకాగితంతో సమానం. నా పరువు సంగతి అటుంచి, వాడు మోకాళ్లు చీరుకుని సంపాదించుకున్నదంతా బూడిదలో పోసినట్టే.

ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. అనుమానం పోగొట్టుకోవడానికి నేను వాడి మీద కావాలని కఠినంగా ఉంటే, అదీ మోసమే. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయకూడదని దారి పొడవునా కారు నడుపుతూ నాకు నేనే చెప్పుకున్నాను.

మైదానం కార్ల పార్కింగ్‌లో విశాల్ నిలబడి ఉన్నాడు. ఆటగాళ్లు స్కోరర్ గదికి రాకూడదు, అందుకని బయటే కాపు కాశాడు. నేను కారు దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"ఆంటీ, నిన్న మీరు హిట్ ఇచ్చారు కదా, అది హిట్ కాదు. అది నా ఎర్రర్. చేంజ్ చెయ్యండి."

పొద్దున తండ్రి అలా, మధ్యాహ్నం కొడుకు ఇలా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ నాన్న వచ్చి వెళ్లారు, తెలుసా?" అన్నాను.

వాడి మొహం ఎర్రబడింది. "మమ్మీ చెప్పింది. ఐ యామ్ సో సారీ ఆంటీ. బట్ నేను అందుకు రాలేదు."

"జట్టులో వాళ్లు ఏదో అంటున్నారని వచ్చావా? అననీ. తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. వాళ్ల నోళ్లు మూయించడానికి నీ మీద ఎర్రర్ వెయ్యను. నీ మంచితనం నాకు రూల్ కాదు."

"తాడిచెట్టు నాకు అర్థం కాలేదు ఆంటీ. మీరు వినండి. బాల్ బ్యాడ్ హాప్ తీసుకోలేదు. మంచిగా వచ్చింది. నేను రన్నర్ ఎక్కడ ఉన్నాడు అని తల ఎత్తాను, అంతే. ఇక్కడ తగిలింది." ఎడమ అరచేతి అడుగున, మణికట్టు పక్కన, వేలితో పొడిచి చూపించాడు. "టోబీకి తెలుసు. వాడు నా రూమ్మేట్. వాడు ఏం అనలేదు. నైట్ అంతా ఏం అనలేదు ఆంటీ, అది ఇంకా వర్స్."

"ఈ వారం ఎవరు వస్తున్నారో తెలుసు కదరా నీకు?"

"తెలుసు. అందుకే. ఆయన నా ఎర్రర్స్ నమ్మకపోతే నా అసిస్ట్స్ కూడా నమ్మడు. నాకు ఆ అసిస్ట్స్ కావాలి ఆంటీ. అవి నావి."

ఆ మాట వాడి వయసుకి మించిన మాట. వాడి గొంతులో బతిమాలుడు లేదు. తన వస్తువు తనకి ఇమ్మని నిలదీసినట్టుగా ఉంది. నేను వాడికి ఒక్కటే చెప్పాను. ఆటగాడి మాట నాకు సాక్ష్యం కాదు, కానీ మళ్లీ చూడమని అడగడం తప్పు కాదు, చూస్తాను. ఏం తేలినా మళ్లీ నా దగ్గరికి రాకు అన్నాను.

రూల్ ప్రకారం ఆట ముగిశాక ఒక రోజు వరకూ స్కోరర్ తన తీర్పు మార్చుకోవచ్చు. నాకున్నది ఆ సాయంత్రం దాకా. క్లబ్బువాళ్లు తమ పిచ్చర్లకి పాఠం చెప్పుకోవడానికి బ్యాటర్ నిలబడే హోమ్‌ప్లేట్ వెనక నుంచి వీడియో తీస్తారు. మేనేజర్ దగ్గర అనుమతి తీసుకుని ఆ గదిలో కూర్చున్నాను. మామూలు వేగంతో చూస్తే నేను ఆదివారం చూసిందే మళ్లీ కనిపించింది. నెమ్మదిగా నడిపించాను. బంతి గడ్డి అంచుకి ఇవతలే నేలని తాకింది. అంచు మీద తాకనే లేదు. ఎగరాల్సినంతే ఎగిరింది. అది గ్లవ్ చేరే ముందు విశాల్ టోపీ పైకి లేచింది. ఆ మెట్టులో ఏ షార్ట్‌స్టాప్ అయినా మామూలుగా పట్టే బంతి అది. నిజం చెప్పొద్దూ, నాకు బాధేసింది. వాడు చెప్పింది తప్పైతే బాగుండునని ఆ చీకటి గదిలో ఎంతగా కోరుకున్నానో నాకే తెలుసు. ఇంకోసారి నడిపించాను. బంతి మళ్లీ అలాగే వచ్చింది.

లీగ్ ఆఫీసుకి ఫోన్ చేసి తీర్పు మార్చాను. హిట్ తీసేసి విశాల్ పేరున ఎర్రర్ రాశాను, టోబీ ఖాతాలోంచి రెండు పరుగులూ తీసేశాను. కారణం చెప్పాల్సిన చోట వీడియో చూశాక మార్చానని మాత్రమే చెప్పాను. ఎవరు అడిగారన్నది లెక్కలోకి రాదు.

మారిన లెక్క ఇంటర్నెట్‌లోకి ఎక్కిన కాసేపటికే ప్రభాకర్ గారి ఫోన్. పలకరింపు లేదు, గారు లేదు. "సున్నుండలు తిప్పికొట్టినప్పుడే అనుకున్నా. మనవాళ్లని మనవాళ్లే తొక్కేస్తారు. అందుకే మనం పైకి రాం" అన్నారు. మీ అబ్బాయే అడిగాడని ఒక్క మాట అంటే ఆయన నోరు మూతపడేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది తండ్రికి కొడుకు చెప్పుకోవాల్సిన మాట, నేను చెప్పకూడదు. "మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి" అని పెట్టేశాను. ఆ తరువాత ఆయన నాతో చాలా ఏళ్లు మాట్లాడలేదు. ఉగాది ఫంక్షన్లలో నన్ను చూస్తే పులిహోర వరసలోంచి కూడా తప్పుకునేవారు.

డేల్ బుధవారం వచ్చాడు. మర్నాడు ఉదయం నన్ను వీడియో గదికి పిలిపించాడు. డైరెక్టర్ స్కోరర్‌ని పిలవడం రివాజు కాదు, నేను వెళ్లనవసరం కూడా లేదు. వెళ్లాను. ఆయన సుత్తి లేకుండా విషయంలోకి వచ్చాడు. ఈ షార్ట్‌స్టాప్ సొంత మైదానం లెక్కలు నమ్మవద్దని తనకి ముందే చెవిన వేశారట. అందుకని అవన్నీ పక్కన పెట్టి, బయట ఊళ్ల లెక్కలు మాత్రమే చూసి తేల్చేద్దామనుకున్నాడట. సీజన్ మొదట్లో బయటి మైదానాల మీద విశాల్ తడబడ్డాడు. ఆ లెక్క ఒక్కటే చూస్తే ఎవడైనా వాణ్ణి ఇంటికే పంపుతాడు.

కానీ సోమవారం మార్పు ఆయన కంట పడింది. సొంత మైదానం స్కోరర్ సొంత జట్టు కుర్రాడి మీద, అదీ తను వచ్చే వారంలో, తనంతట తను ఎర్రర్ రాయడం తానెక్కడా చూడలేదన్నాడు. ఎవరైనా ఒత్తిడి పెట్టారా అని అడిగాడు. పెట్టారు, రెండు వైపుల నుంచీ పెట్టారు, నేను వీడియో మాట విన్నాను అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు. కుర్చీ ఇటు జరిపి, ఈ మైదానంలో విశాల్ వైపు వెళ్లిన బంతుల మీద నేనిచ్చిన తీర్పులన్నీ చూద్దాం, ఒక్కొక్కటీ ఎందుకిచ్చారో చెప్పండి అన్నాడు.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను హిట్ అన్నవాటిలో ఒక్కదాని దగ్గర వాదించాడు. నేనూ తగ్గలేదు, అది అక్కడే ఆగింది. మిగతావాటికి తలూపాడు. చివర్లో నన్ను పట్టించుకోవడం మానేసి, విశాల్ మూడో బేస్ వైపు పరుగెత్తి వెనక్కి వాలి విసిరిన విసుర్లని మళ్లీ మళ్లీ చూశాడు. లేచేటప్పుడు, ఈ అసిస్ట్‌లు వాడివేనన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

విశాల్‌ని ఉంచారు. షార్ట్‌స్టాప్‌గా కాదు, రెండో బేస్‌కి మార్చారు. అక్కడ విసురు తక్కువ దూరం, తల ఎత్తి చూసే తొందరా తక్కువ. వాడికి అది నచ్చలేదు. వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు, ఆ తరువాత కొత్త చోటులో కూడా అందరికన్నా ముందొచ్చి నేలబంతులు అడగటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు పై మెట్టుకి వెళ్లాడు, ఇంకో రెండేళ్లకి పెద్ద లీగ్‌కి సరిగ్గా కిందున్న మెట్టుకి చేరాడు. ఆ మెట్టు దాటలేకపోయాడు. పెద్ద లీగ్‌లో ఒక్క రోజు కూడా ఆడకుండానే 2011లో ఆట మానేసి, బాతెల్ అనే ఊరి దగ్గర ఒక కాలేజీలో లోపలి ఫీల్డర్లకి కోచ్‌గా చేరాడు. మానేసిన ఏడాది నాకు ఫోన్ చేసినప్పుడు, ఆ ఎర్రర్ నేనే అడిగి రాయించుకున్నానని నాన్నకి ఈమధ్యే చెప్పానని అన్నాడు. ఆయనేమన్నారురా అంటే, "నెక్స్ట్ డే పొద్దున్న నాతో గ్రౌండ్‌కి వచ్చి బాల్స్ ఏరి ఇచ్చాడు ఆంటీ" అన్నాడు.

నేను 2015లో ఆ కుర్చీ దిగాను. కొత్తగా వచ్చే స్కోరర్లు నన్ను అడిగేది ఒకటే, మనకి కావాల్సినవాడు మైదానంలో ఉంటే ఏం చేయాలని. మామూలుగా నేను చెప్పే జవాబు ఇది. ఫీల్డర్ సంపాదించుకున్నది ఎవరూ ఇవ్వలేరు, అది వాడి కాళ్లలోనూ చేతుల్లోనూ ఉంటుంది. దాన్ని నలుగురూ నమ్మేటట్టు నిలబెట్టడం మాత్రం స్కోరర్ చేతిలో ఉంది. అందుకు మార్గం ఒక్కటే. వాడి తప్పు వాడి పేరున రాయాలి.